భూభారతిలో 38-ఈ: సాయుధ పోరాటం మిగిల్చిన కాగితానికి ఈ పోర్టల్ ఎంతవరకు పనికొస్తుంది

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు టైం కలిసొస్తుంది. చేతిలో 38-ఈ సర్టిఫికెట్ (రక్షిత కౌలుదారును, అంటే 1950 కౌలుదారీ చట్టం రక్షణ ఇచ్చిన కౌలుదారును, భూమి యజమానిగా గుర్తించే కాగితం) ఉండి, సర్వే నంబరు ముక్కలు ముక్కలుగా చీలిపోకుండా, పొలం మీద ఆ కుటుంబమే ఉంటే తెలంగాణ ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతి పనికొస్తుంది. దీనికి ముందున్న ధరణి పోర్టల్ కన్నా చాలా నయం. సర్టిఫికెట్ లేకుండా రక్షిత కౌలుదారు రిజిస్టర్‌లో తాత పేరు మాత్రమే ఉంటే, అసలు పని ఆర్డీవో ఆఫీసులో చేసుకుని ఆ తర్వాతే పోర్టల్ దగ్గరికి రావాలి. ఇక 1947, 48లలో సాయుధ పోరాటం నడిపిన సంఘం (ఆంధ్ర మహాసభ) పంచిన భూమి అయితే, ఆ మాట రాయడానికి పోర్టల్‌లో గడి లేదు. ఐదుకు మార్కులు వేయాల్సి వస్తే మొదటివాళ్ల తరఫున మూడున్నర, రెండోవాళ్ల తరఫున ఒకటిన్నర. మూడోవాళ్లకు మార్కులు వేయడానికి సేవ అంటూ ఉండాలి కదా.

భూభారతిని రిజిస్ట్రేషన్ స్లాట్ ఎంత తొందరగా దొరుకుతుందన్న దాన్ని బట్టి చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడ చూస్తున్నది అది కాదు. 1951 అక్టోబర్ 21న కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించింది. విరమణ ఒకవైపు నుంచే జరిగింది. పంచిన భూముల గురించి, జైళ్లలో ఉన్నవాళ్ల గురించి, కేసుల గురించి రెండు పక్షాలు కూర్చుని సంతకాలు పెట్టిన ఒప్పందం ఏదీ లేదు. దాదాపు 3 వేల ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచామన్నది పార్టీ లెక్క. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత ఊళ్లొదిలి పోయిన దొరలు తిరిగొచ్చి అందులో చాలా భూమిని మళ్లీ కలుపుకున్నారు.

అయితే తుపాకులు ఇంకా మోగుతుండగానే ప్రభుత్వం చట్టాలు చేయడం మొదలుపెట్టింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. 1950 జూన్ 10 నుంచి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) తరఫున నిలబడ్డ కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు పడ్డాయి. పోరాటం ఓడింది, అది అడిగింది మాత్రం చట్టం పుస్తకంలోకి ఎక్కింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలన్నది ఇప్పటికీ తేలలేదు. కేంద్రం విమోచన దినం అంటుంది, బీఆర్ఎస్ ప్రభుత్వం సమైక్యతా దినం అంది, కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంటోంది, కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. పేరు మీద తగవు ఎంత సాగినా ఎవరికీ గుంట భూమి పోదు, రాదు. భూమి తేలేది రక్షిత కౌలుదారు రిజిస్టర్ మీద, దాని నుంచి పుట్టిన 38-ఈ సర్టిఫికెట్ మీద. ఆ పోరాటానికి ప్రభుత్వం పెట్టిన సంతకం ఏదైనా ఉందంటే అది ఇదే. అందుకే ఏ భూరికార్డుల వ్యవస్థనైనా ఈ కాగితాన్ని అది ఎలా చూస్తుందన్న దాంతో కొలవడం న్యాయం.

చట్టంలో ఏముందో కొంచెం తెలియకపోతే పోర్టల్‌లో ఏ బటన్ నొక్కాలో కూడా తెలియదు. సెక్షన్ 34 ప్రకారం రక్షిత కౌలుదారు కావాలంటే వరసగా ఆరేళ్లు కౌలు చేసి ఉండాలి. ఆ ఆరేళ్లూ ఫసలీ 1342 నుంచి 1352 లోపు పడాలి, లేదా 1948 జనవరి 1కి ముందు వరసగా ఉండాలి, లేదా ఫసలీ 1353 తర్వాత మొదలై చట్టం వచ్చేలోపు పూర్తి కావాలి. ఫసలీ అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, కాబట్టి 1342 అంటే 1932-33. ఈ షరతు ఎవరిని బయట పెట్టిందో గమనించండి. దొర దగ్గర పదేళ్లుగా కౌలు చేస్తున్నవాడు లోపలికి వచ్చాడు. 1947లో సంఘం చేతుల మీదుగా భూమి అందుకున్న జీతగాడు ఆరేళ్లు చూపించలేడు, పైగా అతను ఎవరికీ కౌలు కట్టలేదు. 1950ల మధ్యలో 37-ఎ సెక్షన్ చేర్చి ఇంకొందరిని రక్షిత కౌలుదార్లుగా లెక్కించారు గానీ, అదీ కౌలుదారు అయితేనే.

రిజిస్టర్‌లో పేరెక్కినవాళ్లయినా నిలిచారా? ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో నాయకత్వంలో 1950ల మధ్యలో జరిగిన సర్వే లెక్క ఇది: 1951లో గుర్తించిన ప్రతి వంద మంది రక్షిత కౌలుదారుల్లో నాలుగేళ్లకు అదే హోదాలో మిగిలింది 45 మంది. భూమి కొనుక్కున్నది 12 మంది. చట్టప్రకారం ఖాళీ చేయించింది ముగ్గురి లోపు. చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టింది 22 మందిని. "తామే వదులుకున్నారు" అన్న పద్దు కింద 17 మంది. ఈ చివరి రెండు అంకెలే నేటి తగాదాలకు మూలం. వెళ్లగొట్టబడ్డ కుటుంబం ఇవాళ రిజిస్టర్ నకలు పట్టుకొస్తే, అవతలివాళ్లు "మీ తాత సరెండర్ చేశాడు" అంటారు.

దానికి జవాబు చట్టంలోనే ఉంది. సెక్షన్ 19 ప్రకారం వదులుకోవడం రాతపూర్వకంగా ఉండాలి, కౌలుదారు తహశీల్దారు ముందు దాన్ని ఒప్పుకోవాలి, అది మనస్ఫూర్తిగా చేసిందేనని తహశీల్దారు నమ్మాలి. కాబట్టి సరెండర్ అన్న మాట రాగానే అడగాల్సింది ఆ ఫైలు నంబరు, తహశీల్దారు ఉత్తర్వు. తెల్లకాగితం మీద వేలిముద్ర చూపిస్తే అది ఈ సెక్షన్ కింద సరెండర్ కాదు. 38-ఈ అయితే ఇంకా బలమైనది. నోటిఫై చేసిన తేదీ నుంచి రక్షిత కౌలుదారే యజమాని. సెక్షన్ 32లో చెప్పిన పద్ధతిలో కాకుండా వెళ్లగొట్టి ఉంటే, ఆ రోజు అతను పొలం మీద ఉన్నట్టే లెక్క. ఉట్నూరు తహశీల్దారు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్, ఆ తర్వాత 1989లో కోటయ్య కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చాయి. సర్టిఫికెట్ తిరుగులేని సాక్ష్యం అని చట్టమే రాసింది. పొలం వేరేవాళ్ల చేతుల్లో ఉంటే తహశీల్దారు దాన్ని తిరిగి ఇప్పించవచ్చని కూడా రాసింది.

ఇంత బలమున్న కాగితం ధరణిలో ఎందుకు మూలనపడిందో చెప్పుకోవాలి, ఎందుకంటే భూభారతి ఆ డేటా మీదే నిలబడింది. 2017 సెప్టెంబర్ నుంచి జరిగిన భూరికార్డుల ప్రక్షాళనలో తగాదా లేనివి పార్ట్-ఎ, ఉన్నవి పార్ట్-బి అని విడగొట్టారు. పహాణీలో, అంటే ఊరి పొలాల వివరాలు ఏటా రాసే రికార్డులో, దశాబ్దాలుగా ఉన్న అనుభవదారు కాలమ్‌ను తీసేశారు. కౌలుదారు పేరు బతికిందే ఆ కాలమ్‌లో. పట్టాదారు గడిలో దొర పేరు, అనుభవదారు గడిలో సాగుచేసేవాడి పేరు ఉన్న చోట రెండోది మాయమై మొదటిదే మిగిలింది. 2018 మే నుంచి రైతుబంధు డబ్బు పాసుపుస్తకం ఉన్నవాళ్ల ఖాతాలోకే వెళ్లింది. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైన నాడు అందులో ఉన్నది అమ్మకం, దానం, వారసత్వం, భాగపంపకం లాంటివి. 38-ఈని ఎక్కించే దారి లేదు. ఆ ఏడాది చట్టంతో రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి, అప్పీలూ లేదు. తప్పు దిద్దమంటే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. 70 ఏళ్ల కిందటి హక్కును ఒక కాలమ్ తీసేసి తుడిచేయడం చిన్న తప్పు కాదు. ఈ సమీక్షలో కోపం ఎక్కడైనా కనిపిస్తే అది ఇక్కడే.

భూభారతి 2025 ఏప్రిల్ 14న మొదలైంది. మద్దూరు, నేలకొండపల్లి, వెంకటాపూర్, లింగంపేట మండలాల్లో ముందు ప్రయోగించి తర్వాత రాష్ట్రమంతా తెచ్చారు. మెచ్చుకోవాల్సింది రెండు విషయాల్లో. ఒకటి, 38-ఈ, ఇనాం భూములకిచ్చే హక్కుల సర్టిఫికెట్ అయిన ఓఆర్‌సీ, కోర్టు డిక్రీ వంటి మార్గాల్లో వచ్చిన హక్కును రికార్డులోకి ఎక్కించే పని ఆర్డీవోకు చట్టంలోనే అప్పగించారు. రెండు, అప్పీలు తిరిగొచ్చింది. మూలన పెట్టిన చట్టాన్ని మళ్లీ ఆఫీసు బల్ల మీదికి తెచ్చినందుకు ఆ మూడున్నర.

దరఖాస్తుకు ముందు చేయాల్సిన పని

పోర్టల్ తెరవడం ఆఖరి మెట్టు. దానికి ముందు కాగితాలు ఒక వరసలో పడాలి. మొదట 1954-55 ఖాస్రా పహాణీ. తర్వాత రక్షిత కౌలుదారు రిజిస్టర్, అంటే పీటీ రిజిస్టర్. తర్వాత సేత్వార్, అంటే సర్వేలో ఒక్కో నంబరుకు తేల్చిన విస్తీర్ణం రాసిన మూల రికార్డు. ఆ పైన 1955-58 చేసల (మూడేళ్లకు కలిపి రాసిన) పహాణీ, 1970ల పహాణీలు, 38-ఈ సర్టిఫికెట్, 2017కు ముందు ఆఖరి పహాణీ. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. అనుభవదారు కాలమ్‌లో కుటుంబం పేరు కనిపించే ఆఖరి కాగితం అదే కాబట్టి దాన్ని తప్పక తీసుకోవాలి.

నకలు అడిగేటప్పుడు ఒక్క ఎంట్రీ రాసివ్వమని అడగొద్దు. కాలమ్ శీర్షికలతో సహా పేజీ మొత్తం ధ్రువీకరించి ఇమ్మనండి. శీర్షిక లేకపోతే పేరున్నది పట్టాదారు గడిలోనా, కౌల్దారు గడిలోనా, ఖాబిజ్ గడిలోనా అన్నది విచారణలో పెద్ద చర్చ అవుతుంది. ఖాబిజ్ అంటే భూమి మీద ఉన్నవాడు, యజమాని అని అర్థం కాదు. పాత పేజీలు ఉర్దూలో ఉంటే అనువాదం చేయించి రెండూ జత చేయాలి. ఖుష్కి అంటే మెట్ట, తరి అంటే తడి, వల్ద్ అంటే ఫలానావారి కొడుకు.

నకలు ఇవ్వకుండా తిప్పుతుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, ఆ పైన 10. పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. "రికార్డు అందుబాటులో లేదు" అని రాతలో వచ్చినా పనికొస్తుంది, ఎందుకంటే అప్పుడు ఆర్డీవో ఆఫీసులోనూ, కలెక్టరేట్‌లోనూ ఉండాల్సిన కాపీ కోసం దాన్ని చూపించి అడగొచ్చు.

తర్వాత పోర్టల్‌లో భూమి వివరాలు వెతకండి. జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబరు ఇస్తే ఇప్పటి పట్టాదారు, విస్తీర్ణం కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ కుదరని భూముల నిషేధిత జాబితా విడిగా చూడాలి. ఒక్క బై నంబరుతో ఆగకుండా ఆ సర్వే నంబరు కింద ఉన్నవన్నీ చూసి, వాటి విస్తీర్ణాలు కూడి, సేత్వార్‌లోని మొత్తంతో పోల్చండి. మొత్తం మించిపోయిందంటే ఎక్కడో ఒకరికి లేని భూమి రాశారని అర్థం. అది మీ దరఖాస్తుకు మొదటి ఆధారం.

ఈ కూడికలో ఎంతమంది పొరబడతారో లెక్కలేదు. రికార్డులో చుక్కకు కుడివైపున ఉన్నది గుంటలు, ఎకరానికి 40. సర్టిఫికెట్‌లో 5.10 ఉండి పోర్టల్‌లో 4.30 ఉంటే కాలిక్యులేటర్ తేడా 0.80 అని చూపిస్తుంది. నిజమైన లోటు 20 గుంటలు, అర ఎకరం. అన్నీ గుంటల్లోకి మార్చి (210లోంచి 190 తీసి) లెక్క వేసి, ఆ కాగితాన్నే దరఖాస్తుకు జత చేస్తే ఆఫీసులోనూ పొరబాటు జరగదు.

దరఖాస్తును ఆన్‌లైన్‌లో గానీ మీసేవలో గానీ వేయొచ్చు. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్చే) ఫీజు ఎకరానికి 2,500 రూపాయల లెక్కన, పాసుపుస్తకానికి 300. ఐదెకరాల పది గుంటలకు అది 13,125 అవుతుంది. హక్కు ఇప్పటికే చట్టం ఇచ్చేసింది, ఇప్పుడు జరిగేది దాన్ని ఎక్కించడమే. కొనుగోలుకు వసూలు చేసే రేటే ఇక్కడా పెట్టడం సరికాదు. పోరాటం పుట్టిన ఊళ్లలో రెండెకరాల రైతుకు 5,000 అంటే చిన్న మాట కాదు. ఈ ఫీజును 38-ఈకి, ఓఆర్‌సీకి మాఫీ చేయాలి.

ఎక్కడ ఆగిపోతుంది

ఎక్కువగా ఆగేది హద్దుల దగ్గర. పీటీ రిజిస్టర్‌లో "సర్వే నంబరు ఇంత, విస్తీర్ణం ఇంత" అని మాత్రమే ఉంటుంది, ఏ వైపు ముక్కో ఉండదు. ఆ నంబరు ఈ 70 ఏళ్లలో /అ, /ఆ, /ఇ అంటూ చీలిపోయింది. ఏ బై నంబరులోంచి తీయాలో చెప్పకుండా దరఖాస్తు వేస్తే ఆర్డీవో దాన్ని నివేదిక కోసం తహశీల్దారుకు పంపుతారు, అక్కడి నుంచి సర్వేయర్ దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది. ముందే టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసుకుని, సర్వే చేయించి, స్కెచ్‌లో తమ ముక్కను గుర్తించి వేస్తే నెలలు మిగులుతాయి.

రెండోది పేరు. పాత రికార్డులో ఇంటిపేరు ఉండదు. ఒకే ఊళ్లో అదే పేరు, అదే తండ్రి పేరుతో ఇద్దరుంటే అవతలివాళ్లు మొదట పట్టుకునేది దీన్నే. కుటుంబ వృక్షం, పాత శిస్తు రశీదులు, పాత ఓటరు జాబితా పేజీ కలిపి పెట్టాలి. రక్షిత కౌలు హక్కు వారసులకు వస్తుందని సెక్షన్ 40 చెబుతోంది. అయితే మూడు తరాలు దాటిన చోట వారసులందరూ, ఆడపిల్లలతో సహా, ఒకే దరఖాస్తులో ఉండాలి. ఒక్క అన్నదమ్ముడు తన పేరుతోనే వేస్తే మిగతావాళ్లు అభ్యంతరం పెడతారు, అసలు ప్రత్యర్థికి పని తేలికవుతుంది.

మూడోది రిజిస్టర్డ్ అమ్మకం. పట్టాదారు వారసులు భూమిని ఎప్పుడో అమ్మేసి ఉంటారు. కొన్నవాళ్లకు పాసుపుస్తకం ఉంటుంది, వాళ్లూ డబ్బు పెట్టినవాళ్లే. వాళ్లను దరఖాస్తులో పార్టీలుగా చేర్చకుండా తెచ్చుకున్న ఉత్తర్వు హైకోర్టులో నిలవదు. రక్షిత కౌలుదారుకు ముందు నోటీసు ఇవ్వకుండా అమ్మకూడదని 38-డి చెబుతోంది, కాబట్టి ఆ నోటీసు ఉందా అన్న ప్రశ్నను మొదటి పేజీలోనే అడగాలి. పొలం ప్లాట్లుగా మారిపోయి ఉంటే ఈ పోర్టల్‌తో పని జరగదు. ఇది వ్యవసాయ భూములకే.

ఇనాం భూమికి 38-ఈ అడిగి ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. దాని దారి 1955 ఇనాం రద్దు చట్టం. ఇనాం భూమి మీద ఉన్న రక్షిత కౌలుదారు అందులోని సెక్షన్ 7 కింద ఓఆర్‌సీ అడగాలి.

సర్టిఫికెట్ లేక రిజిస్టర్‌లో పేరు మాత్రమే ఉన్నవాళ్లకు ఒకటిన్నరే ఎందుకంటే, పీటీ రిజిస్టర్లు ఇప్పటికీ కాగితం మీదే ఉన్నాయి. పాసుపుస్తకాల డేటా మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టగలిగినప్పుడు వీటిని స్కాన్ చేసి ఊరివారీగా పెట్టడం కష్టం కాదు. వీటితో పాటు ఖాస్రా పహాణీ, సేత్వార్ కూడా ఒక్క చోట చూపిస్తే సగం తగాదాలు ఆఫీసు దాకా రావు. 2025 జూన్ రెవెన్యూ సదస్సుల్లో 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే ఈ అవసరం ఎంతటిదో తెలుస్తుంది.

ఇక సంఘం పంచిన భూములు. పట్టా భూమిని పంచిన చోట ఏ కాగితమూ లేదు, నిలబెట్టుకున్న కుటుంబాలు తర్వాత సాదాబైనామాతోనో (రిజిస్ట్రేషన్ లేకుండా మామూలు కాగితం మీద రాసుకున్న అమ్మకం), కొనుక్కునో నిలబెట్టుకున్నాయి. బంచరాయి (పశువుల మేత భూమి), ఖారిజ్ ఖాతా (పట్టా రద్దయి ప్రభుత్వానికి చేరిన) భూమిని పంచిన చోట మాత్రం ఒక దారి మిగిలింది. సాగుచేసుకుంటున్నవాళ్లకు ప్రభుత్వ భూమిని సాగుకు ఇచ్చే 1950 లావణి నియమాల కింద కొన్నిచోట్ల పట్టాలు వచ్చాయి. వాటిని ఇప్పుడు అసైన్డ్ అని నిషేధిత జాబితాలో పెట్టారు. అయితే అమ్మకూడదన్న షరతు 1958 నియమాల తర్వాతి పట్టాలకు వచ్చింది. అంతకుముందు పట్టా అయితే, దాని తేదీ, ఫైసల్ పట్టీలో (భూమి మార్పులను ఏటా రాసే రికార్డు) అది ఎక్కిన పేజీ పెట్టి జాబితా నుంచి తీసేయమని అడగొచ్చు. తేదీ అనేది ఈ దరఖాస్తుకు ప్రాణం. పట్టా పోయి ఉంటే ఫైసల్ పట్టీ నకలు కోసం తహశీల్దారు ఆఫీసులో 1950 నుంచి 1958 దాకా ప్రతి సంవత్సరం పేరు రాసి విడివిడిగా అడగండి. "పాత ఫైసల్ పట్టీలు" అని కలిపి అడిగితే లేవన్న జవాబే వస్తుంది.

ఏ ఉత్తర్వు వచ్చినా, నకలు అందిన తేదీని సంతకంతో రాయించుకోండి. అప్పీలు గడువు తేలేది దాని మీదే.